నువ్వు మడిచిన ప్లాను

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. హెబ్బగోడిలో మన రూములోనే సాయంత్రం పూట పిల్లోళ్ళకు లెక్కల ట్యూషన్ చెప్తాండా. ఈరోజు ఘాతాంకాలు. వీళ్ళు పవర్లు అంటారు. టూ పవర్ ఫోర్ అంటే ఎనిమిదని రాసింది రోజా. రెండు నాలుగుల ఎనిమిదే కదక్కా అని మొండికేసింది. ఎంత చెప్పినా వినలేదు.

చివరికి నీ ఖాకీ చొక్కా జేబులో అట్లే ఉన్న ఇంటి ప్లాను తీసినా. నువ్వు మేస్త్రిగా కట్టిన ఆఖరి ఇంటిది. జేబులో పట్టేలాగా నాలుగుసార్లు సగానికి సగం మడిచి పెట్టుకున్నావు. రోజా అంచున పొరలు లెక్కపెట్టింది. పదహారు. ఒక మడత విప్పితే ఎనిమిది, ఇంకోటి విప్పితే నాలుగు.

"ఒక్క మడతా లేకుంటే సున్నానే కదక్కా?" అనింది.

ఏడాదిగా ఆ కాగితాన్ని నేను విప్పలేదు. నీ చేతి మడతలు పోతాయని భయం. అయినా మొత్తం విప్పి చాప మీద పరిచినా.

రోజా కాసేపు చూసి, "కాగితం ఒకటి ఉండాది గదక్కా" అనింది. టూ పవర్ జీరో పక్కన ఒకటి రాసుకుంది.

పిల్లోళ్ళు పోయినాక దాన్ని మళ్ళీ మడవడానికి చేయి రాలేదు. గోడకు అంటించినా. నీ మడతల గీతలు, వాటి మధ్య పదహారు గళ్ళూ అట్లే కనబడతాండాయి, నాయనా.