ద్రాక్షతోటల ప్రయాణంలో ఇరుక్కున్న పాస్‌పోర్టు

సౌదీ, ధహ్రాన్ నుంచి,
శుక్రవారం.

తమ్ముడు మల్లేశానికి,

ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా ఉన్నావో, పక్కకు తిరిగి ఉన్నావో తెలియదు గాని, ఎటు తిరిగి ఉన్నా ఈ అన్న రాజేశం దీవెనలు నీకు తగలాలి. అమ్మకు నా దండాలు చెప్పు. మరదలు సుజాతనూ పిల్లలనూ అడిగానని చెప్పు. నేను ఇక్కడ బాగున్నాను. నిజంగానే బాగున్నాను. వేళకు తింటున్నాను, ఒంట్లో ఏమీ లేదు.

ఫోన్ చేస్తే "నువ్వచ్చినంకనే ఆపరేషన్" అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. క్యాంపులో మా పక్క గది గంగన్న రేపు సెలవు మీద వస్తున్నాడు. ఇంటికి కూడా పోకుండా ముందు కరీంనగర్ ఆసుపత్రికి వచ్చి దీన్ని నీ చేతిలో పెడతానన్నాడు. నేను ఎందుకు రాలేకపోతున్నానో ఫోన్లో సగమే చెప్పాను. దాచిన సగం నా నోటి తీట వల్ల జరిగింది.

నేను వంట చేసే ఇల్లు నీకు తెలుసు కదా, ఇంజినీరు సాబ్, లిండా మేడమ్. ఇక్కడ ఆగస్టులో గడప దాటితే గంజి వార్చినప్పుడు మొహానికి కొట్టే ఆవిరే. అది తట్టుకోలేక వాళ్ళు సెప్టెంబరులో ఇటలీ పోదామనుకున్నారు. ఆ దేశం పటంలో బూటు లాగా ఉంటుంది. వీళ్ళు పోయేది దాని మడమకు. మూడు దిక్కులా సముద్రమేనట. అక్కడ పెళ్ళి లేదు, జాతర లేదు. పది రోజులు ఊరికే తినడానికి, తాగడానికి పోతారు. నెల రోజులుగా భోజనాల బల్ల మీద అదే పని. ఏ రోజు ఏ ద్రాక్షతోట, ఏ పూట ఏ తిండి, అన్నీ చీటీల మీద రాసి పటానికి అంటించారు. ఒక ఊళ్ళో పిండిని చిన్న చిన్న చెవుల్లాగా ఒత్తి ఉడకబెడతారట. ఇంకో ఊళ్ళో ముళ్ళ బంతి లాంటి సముద్రపు పురుగును కోసి పచ్చిగానే తింటారట.

"మా దిక్కు మడిమెల ముల్లు ఇరిగితే పిన్నీసుతోని తీసి పారేస్తం మేడమ్, మీరు పైసలు పెట్టి తింటరా?" అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. అక్కడే నాకు బలుపు మొదలైంది.

ఇక్కడ వైన్ దొరకదు, దొరికితే జైలే. అందుకని ముందే రుచి చూడటం నేర్చుకోవాలని మేడమ్ మూడు రకాల ద్రాక్షరసం సీసాలు తెచ్చింది. గ్లాసు తిప్పడం, ముక్కు పెట్టడం, నోట్లో పుక్కిలించి గిన్నెలో ఉమ్మడం. కల్లు చుక్క కింద పడితే తిట్లు తిన్న ఇంట్లో పుట్టిన నాకు ఆ ఉమ్మడం చూస్తే కడుపు మండిపోయింది. ఒక రోజు మూడు గ్లాసుల్లోనూ ఒకే సీసాలోది పోసి పెట్టాను. సాబ్ కళ్ళు మూసుకుని, మొదటిది పచ్చిగా ఉందన్నాడు, రెండోదానికి చెక్క వాసన ఉందన్నాడు, మూడోదానిలో సముద్రపు గాలి ఉందన్నాడు.

నవ్వు ఆగలేదు నాకు. "సాబ్, మూడూ ఒక్క సీసలయే!" అన్నాను.

"తాగకుండా నీకెట్లా తెలుసు?" అని అడిగాడు.

పోసింది నేనే అంటే అక్కడితో అయిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? "మేం గౌడోళ్ళం సాబ్. నలభై చెట్ల కల్లు వరుసగ పెట్టుండ్రి, ఏది ఏ చెట్టుదో వాసనతోనే చెప్త" అన్నాను.

ఆ ముక్కు నీది తమ్ముడూ, నాది కాదు. నేను ఒక్కసారి చెట్టెక్కి, సగంలో కాళ్ళు వణికి దిగి, బొంబాయి బస్సెక్కినవాణ్ణి. నాయిన చెట్టెక్కే మోకు నీ నడుముకే కట్టాడు. నీ విద్యను నాదని చెప్పుకున్నాను.

"అయితే నువ్వు మాతో రావాల్సిందే" అంది మేడమ్. పద్నాలుగేళ్ళుగా ఏం చెప్పినా "హా మేడమ్" అనడం అలవాటు, అదే అన్నాను. ఆమె నిజంగానే అన్నదని ఫోటోలు దిగమన్నప్పుడు తెలిసింది. అక్కడ అద్దె ఇంట్లో వంట చేయాలి, వాళ్ళతో తోటలు తిరగాలి. నిజం చెబుతున్నాను, నాకూ ఆశ పుట్టింది. క్యాంపులో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. ఆఫీసు వాళ్ళు నా పాస్‌పోర్టు వీసా కోసం రియాద్‌లోని ఇటలీ ఎంబసీకి పంపారు.

అది పోయిన నాలుగో రోజున సుజాత ఫోన్ వచ్చింది, నువ్వు చెట్టు మీంచి పడ్డావని.

అప్పటికప్పుడు క్యాంపు ఆఫీసుకు ఉరికాను. పాస్‌పోర్టులు చూసే పాకిస్తానీ అస్లం భాయ్ ఖాళీ చేతులు చూపించాడు. "రాజేశ్ భాయ్, పాస్‌పోర్ట్ ఇధర్ హోతా తో అభీ దేతా" అన్నాడు, ఇక్కడుంటే ఇప్పుడే ఇచ్చేవాడట. దేశం దాటాలంటే ఖురూజ్ ముద్ర కావాలి, ఆ ముద్ర ఆ పుస్తకంలోనే పడాలి. పుస్తకం రియాద్‌లో ఉంది.

మేడమ్ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పేశాను. "నాకు వాసన గీసన ఏం తెల్వది మేడమ్. ఆ రోజు పోసింది నేనే. మీతోని వచ్చుడు పనికిరాదు, నన్ను మా తమ్ముని తానకు తోలుండ్రి."

"పోసింది నువ్వేనని ఆ రోజే తెలుసు. నవ్విస్తావని రమ్మన్నాం" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాబ్ మర్నాడే నాలుగు గంటలు కారు నడుపుకుంటూ రియాద్ పోయాడు, చీకటి పడ్డాక ఉత్త చేతులతో వచ్చాడు. ఫైలు లోపలికి పోయిందట, పని ముగిసేదాకా బయటికి రాదట. రెండు వారాలో మూడు వారాలో ఎవరూ చెప్పరు.

"ప్రయాణమే మానేస్తాం" అంది మేడమ్.

"మానేస్తె పాస్‌పోర్టు జల్ది వస్తదా మేడమ్?"

"రాదు."

ఇక ఎవరినని తిట్టను? తిట్టడానికి మనిషి దొరికితే నాకు సగం జబ్బు నయమవుతుంది, నీకు తెలుసు. పటం ఇంకా బల్ల మీదే ఉంది. ముగ్గురం దాని చుట్టూ తిరిగి పోతున్నాం గాని ఎవరూ ముట్టడం లేదు. అన్నం వండుతుంటే ఎసరు పెట్టానో లేదో కూడా మరిచిపోతున్నాను.

ఇప్పుడు నీ సంగతి. వచ్చే గురువారం దాటితే కాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు సుజాతతో చెప్పాడు. నువ్వు మొండికేసేది ఎందుకో నాకు తెలుసు. నాయినను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయిన రోజు బయట నువ్వొక్కడివే ఉన్నావు, ఆయన తిరిగి రాలేదు. నేను అప్పుడూ ఇక్కడే ఉన్నాను. ఆ తప్పు నాదే. కాని తమ్ముడూ, నేను వస్తే మాత్రం కత్తి పట్టేది నేనా? బయట బీడీ కాల్చి నర్సు చేత తిట్లు తింటాను, అంతే. నాకోసం ఆగి కాళ్ళు పోగొట్టుకుంటే, వచ్చాక నీ మొహం ఎట్లా చూడను? గురువారం చేయించుకో. సంతకం సుజాత పెడుతుంది. పాస్‌పోర్టు వచ్చిన రోజే విమానం ఎక్కుతాను, మడమకు కాదు, నీ దగ్గరికే.

గంగన్నతో ఖర్జూరాలు, నొప్పికి రాసుకునే బామ్ పంపుతున్నాను. నేను వచ్చేసరికి అమ్మను అడిగి కొన్ని మామిడి వరుగులు తీయించి పెట్టు. పెద్దమ్మకు, బావకు దండాలు చెప్పు. నాకోసం అమ్మను ఒక దీవెన అడుగు, నాకు ఇప్పుడు అది అవసరం.

గంగన్నకు నలభై రోజుల సెలవు. నువ్వు "సరే" అనేదాకా నీ మంచం పక్కనుంచి లేవనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఊళ్ళో ఆయన భార్య రెండేళ్ళుగా ఎదురు చూస్తోంది. ఆ తల్లి ఉసురు నీకెందుకు, తొందరగా సరే అను.

నీ అన్న,
రాజేశం