ఎనిమిది తర్వాతది

అల్మాతి,
అక్టోబరు ఎనిమిది దాటిన మరునాడు, పొద్దున.

చిరంజీవి ముంగురుల మరిదికి వదిన నెసిబెలి దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, మీ అన్న క్షేమం, మీ అన్న గురక మరీ క్షేమం. అక్కడ సెమెయ్‌లో నువ్వూ, నీ భార్యా, నీ కూతురూ, నీ గదినిండా పాముల్లా పడివుండే ఆ తీగలూ క్షేమమని తలుస్తాను. నెత్తిన ఒక్క వెంట్రుక లేని యాభై నాలుగేళ్లవాణ్ణి ఇంకా ముంగురులు అంటున్నానని మీ ఆవిడ పడిపడి నవ్విందట. నవ్వనీ. నేను కాపురానికొచ్చిన రోజున గుర్రప్పిల్లకున్నట్టు నుదుటినిండా జుట్టేసుకుని తలుపు పక్కన నిలబడ్డావు. మరిదిని పేరుపెట్టి పిలవకూడదు గనక నేనే ఆ పేరు పెట్టుకున్నాను. జుట్టు పోయిందని పేరు కూడా పోతుందా ఏం?

అసలు సంగతికొస్తాను. నువ్వు పంపిన పెట్టె అందింది. రైలు కండక్టరమ్మ దాన్ని నా చేతిలో పెడుతూ, ఇదేం పెట్టె అక్కా, పసిబిడ్డను మోసినట్టు మోయమన్నాడు మీ మరిది, దారంతా నాకు నిద్ర లేదు అని చిరాకుపడింది. దాంతోపాటు పంపిన ఎండు పెరుగు ఉండలు బాగున్నాయి. మీ అన్న సగం స్టేషన్లోనే నమిలేశాడు. కాబట్టి ఉండలు ఉంచుకుంటాం. హెడ్‌ఫోన్లు మాత్రం అదే కండక్టరమ్మ చేత వెనక్కి పంపుతాను. నాకొద్దు. వద్దంటే వద్దు.

ఫోనులో ఎన్ని మాటలన్నావు! వదినా, నీ హెడ్‌ఫోన్లు మ్యూజియంలో పెట్టాల్సినవి అన్నావు. ఆ చెవి మెత్తల్లో ఉన్నది స్పాంజి కాదు, ఎలుకల గూడు అన్నావు. ఈ కాలంలో అవి పెట్టుకుని వినడమంటే దుప్పటి కప్పుకుని కిటికీలోంచి చూడటమే అన్నావు. పైగా కొత్త వస్తువు చూసినవాళ్లు ఇవ్వాల్సిన బైగాజి కానుక కూడా నేనే ఇస్తాను, ఏం కావాలో అడుగు అని ఊరించావు. ఏమీ అక్కర్లేదు నాయనా. నీ నోరు కాసేపు మూసుకుంటే అదే నాకు పెద్ద కానుక.

నా హెడ్‌ఫోన్ల సంగతి నాకు తెలియదా? బరువే. గంట పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. వాన పడితే ఎడమవైపు చిటపటమంటుంది. మెత్తలు మూడుసార్లు చిరిగితే మూడుసార్లూ గొర్రెతోలు తెచ్చి నా చేత్తో కుట్టాను. తీగ తెగిన ప్రతిసారీ నేనే అతుకు వేసుకున్నాను. రేడియోలో ముప్పై ఏళ్లు శబ్దం పట్టే పని చేశాను, అంతా వీటితోనే. ఏ దోంబ్రా తీగ సడలిందో, ఏ పాటగాడికి జలుబు చేసిందో, ఏ అనౌన్సరు తాగి వచ్చాడో ఇవే చెప్పాయి. ఇప్పుడు కొత్తొక వింత, పాతొక రోత అంటే ఎలా?

నీ సంగతి చూడు. మొదట హెడ్‌ఫోన్లు మార్చావు. అవి బాగా మోగాలంటే యాంప్లిఫయర్ కావాలన్నావు. యాంప్లిఫయర్ వచ్చాక తీగ నాసిరకమన్నావు. తీగ మార్చాక హెడ్‌ఫోన్లు దానికి తగవన్నావు! నాలుగు జతలు మార్చావు, ఇది అయిదోది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. మీ ఆవిడ ఒకసారి నాతో, అక్కా, ఈయన పాటలు వినడు, వస్తువుల్ని వింటాడు అంది. మహా తెలివైన పిల్ల.

అయినా ఎందుకు మారుస్తున్నావో నాకు తెలుసు. నీకు కావలసింది ఒకే ఒక్క రికార్డు. ‘ఏరు దాటిన గుర్రం’ బాణీ. ఎనభై నాలుగో సంవత్సరం వేసవిలో మా రేడియో బండి మన ఊరొచ్చి, ఏటికి అటూ ఇటూ ఉన్న దోంబ్రా విద్వాంసులందరి దగ్గరా రీళ్లు నింపుకుపోయింది. ఆ బండిలో హెడ్‌ఫోన్లు పెట్టుకు కూర్చున్నది నేనే. ఉద్యోగంలో చేరి ఏడాది, మీ ఇంటికి కోడలిగా వచ్చీ ఏడాదే. మీ నాన్నగారూ వాయించారు, అవతలి ఒడ్డు ముకతాయ్ కూడా వాయించాడు. మీ నాన్నగారి రీలు పోయిందన్నారు. ముకతాయ్ పేరిట ఆ గుర్రం బాణీ దేశమంతా మోగింది, అతనూ కాదనలేదు, పిల్లల పాఠాల్లోకెక్కింది. అది మా నాన్న కట్టిన బాణీ అని నువ్వు ముప్పై ఎనిమిదేళ్లుగా అరుస్తూనే ఉన్నావు. నీకు తోడు ఒక్కరూ లేరు.

మొదటిసారి అది రేడియోలో వచ్చిన రోజు నాకు కళ్లకు కట్టినట్టుంది. శీతాకాలం, నేను సెలవు మీద వచ్చాను. అందరం టీ తాగుతున్నాం. వాద్యం ముకతాయ్, బాణీ ముకతాయ్ అని అనౌన్సరు అనగానే నువ్వు ఎగిరి నిలబడ్డావు. ఇది నాన్నది, నాన్నది అని గోల చేశావు. మీ నాన్నగారు గిన్నె కింద పెట్టి, కూర్చోరా, ముందు చెవులు కడుక్కో, ముకతాయ్ బాగా వాయించాడు అన్నారు. అంతే. రెండేళ్లకు ఆయన పోయారు. నాన్నే కాదన్నాక నువ్వెవడివోయ్ అని ఊరు నీ నోరు మూయించింది.

ఇప్పుడేమో ఆర్కైవు కుర్రాడు మేయిర్‌ఖాన్ పాత రీళ్లన్నీ పది డిస్కులుగా తెస్తున్నాడు. రిటైరైన నన్ను పిలిచి, ఆంటీ, మీ చెవుల మీదే మాకు నమ్మకం అంటూ అసలు రీళ్లు ఇంటికి పంపి వినమన్నాడు. గురువారం మీటింగు. ఆ రోజు ఖాయం చేసిన పేర్లే అచ్చవుతాయి, ఆ తర్వాత మార్చడం ఉండదు. మొదటి డిస్కులో మొదటి బాణీ ఆ గుర్రమే, ముకతాయ్ పేరు మీదే. అందుకే నువ్వు నా చెవిలో జోరీగవయ్యావు. బాణీ మొదలయ్యే ముందు ఒక గుసగుస ఉంది వదినా, ఆడగొంతు, ఎనిమిది అంటోంది, ఆ తర్వాత ఏదో ఉంది, నా దగ్గరున్నది కాపీ గనక తెలియడంలేదు, నీ దగ్గర అసలు రీలుంది, ఈ కొత్తవి పెట్టుకుని ఒక్కసారి విను అని బతిమాలావు.

విన్నాను. నా పాత హెడ్‌ఫోన్లతోనే విన్నాను. నాకేమీ వినిపించలేదు. గుసగుసా లేదు, గాడిదగుడ్డూ లేదు. గాలి చప్పుడు. నీ నాలుగు జతలూ కలిసి నీకు లేని దెయ్యాన్ని చూపిస్తున్నాయి. మీ నాన్నగారే ఊరుకున్నదాన్ని నువ్వూ నేనూ తవ్వడమెందుకు? మీటింగులో నేను చెప్పేదేమీ లేదు. సంతకం పెట్టి వచ్చేస్తాను. నామీద కోపమొస్తే రానీ. వదిన మీద కోపం మరిదికి ఎన్నాళ్లుంటుంది!

అన్నట్టు, నీ కూతురు ఫోనులో అడిగింది. పెద్దమ్మా, నువ్వు తారీఖులు అంత వింతగా ఎందుకు రాస్తావు అని. నువ్వు చెప్పలేదా దానికి? మన ఇళ్లలో కోడలు అత్తింటి మగవాళ్ల పేరు పలకదు. పేరే కాదు, పేరులో ఉన్న మాట కూడా పలకదు, రాయదు. మీ నాన్నగారి పేరులో చెట్టో రాయో ఉంటే సుఖపడేదాన్ని. నా ఖర్మకొద్దీ అంకె ఉంది! ఎనిమిదికీ పదికీ మధ్య ఇరుక్కున్న అంకె. బజారులో ఎనిమిది ఆపిల్‌పళ్లు తీసుకుని, ఇంకొకటి వెయ్యి తమ్ముడూ అంటాను. బస్సు నంబరు ఎవరైనా అడిగితే వేళ్లు చూపిస్తాను. నా మనవడికి ఎక్కాలు చెప్పబోయి ఎనిమిదో ఎక్కం తర్వాత పదో ఎక్కం చెప్పాను. వాడి టీచరు నన్ను పిలిపించింది. ఈ కాలం కోడళ్లు ఇవన్నీ పాటించడంలేదు, మంచిదే. నేను మాత్రం మొండిదాన్ని. మాట అంటే మాటే.

కాబట్టి నా తీర్మానం ఇది. హెడ్‌ఫోన్లు మార్చను, మాట మార్చను. పెట్టె రైలెక్కిస్తాను. మీ ఆవిడకు నా ఆశీస్సులు, పాపకు ముద్దులు.

ఇట్లు,
నీ వదిన,
నెసిబెలి

తాజా కలం: కవరు అంటించబోతే మీ అన్న ఉత్తరం తీసుకుని చదివాడు. నువ్వు రాసింది నిజమేనా అన్నాడు. నిజమే అన్నాను. మరి నిన్న మధ్యాహ్నం ఆ కొత్తవి తలకు పెట్టుకుని ఎందుకేడ్చావే అన్నాడు. దొరికిపోయాను. కవరు పక్కన పెట్టి మళ్లీ రాస్తున్నాను.

గుసగుస ఉంది మరిదీ. నా పాత హెడ్‌ఫోన్లకు అది ఎనభై నాలుగు నుంచీ వినిపిస్తూనే ఉంది. అది నా గొంతే.

ప్రతి రీలు మొదట్లో నంబరూ, వాయించేవారి పేరూ మైకులో చెప్పాలి. ఎనిమిదో రీలు ముకతాయ్‌ది, చెప్పాను. తర్వాతది మీ నాన్నగారిది. ఎదురుగా ఆయన దోంబ్రా ఒళ్లో పెట్టుకు కూర్చున్నారు. పేరు చెప్పలేను. నంబరు కూడా చెప్పలేను, నంబరే ఆయన పేరు! తల రుమాలు కొస నోటికి అడ్డం పెట్టుకుని, ఎనిమిది తర్వాతది అన్నాను. అట్ట మీద కూడా ఏమీ రాయలేదు. అల్మాతి చేరాక చెప్పుకుందాంలే అనుకున్నాను. నేను చెప్పేలోపే ఆఫీసులో గుమాస్తా అది విని ఎనిమిదికి కొనసాగింపు అనుకుని, ముకతాయ్ పెట్టెలో పడేశాడు. రిజిస్టరులో ఎనిమిది తర్వాత పది ఉంటుంది. పోయిన రీలు అంటూ వెతికే ఆ రీలు ఎక్కడికీ పోలేదు.

రేడియోలో వచ్చిన రోజే నాకు తెలిసింది. నువ్వు గోల చేస్తుంటే మీ నాన్నగారు నీవైపు చూడలేదు, నావైపు చూశారు. నా మొహంలో నెత్తురు లేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఇంత తప్పు బయటపడితే ఇంటికి పంపేవాళ్లు. ఆయనకు అర్థమైంది. ముకతాయ్ బాగా వాయించాడు అన్నది అప్పుడే. తన బాణీని నాకోసం ఏటి అవతలి వాడికి ఇచ్చేశారు. నేను నోరు విప్పలేదు. ఆయన పోయాక సిగ్గేసింది, ఆ తర్వాత భయమేసింది. ముప్పై ఎనిమిదేళ్లు నిన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టాను. నన్ను క్షమించకపోయినా నేనేమీ అనను.

నిన్న నీ కొత్త హెడ్‌ఫోన్లు తప్పు వెతకడానికే పెట్టుకున్నాను. వీటి గొప్పేమిటో చూద్దాం, నవ్వుకుందాం అని. నా గుసగుస వచ్చింది. దాని వెనక గాలి చప్పుడు అనుకునేదాన్నే ఇన్నేళ్లూ, అది గాలి కాదు. మీ నాన్నగారు. నవ్వాపుకుంటూ, మెల్లగా, చెప్పు తల్లీ, ఫరవాలేదు, నా పేరే కదా అంటున్నారు. ఆ రోజు నా చెవులకు ఆ బరువైన డిప్పలున్నాయి, సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన పెదవులు కదలడం కూడా చూడలేదు. పేరు పలకడానికి అనుమతి అప్పుడే ఇచ్చేశారయ్యా! నేనే వినలేదు.

నువ్వన్నది నిజం. మార్చాల్సిందే. పెట్టె రైలెక్కదు, ఈ ఉత్తరం ఒక్కటే ఎక్కుతుంది. గురువారం మీటింగుకు రెండు జతలూ పట్టుకుపోతాను. మేయిర్‌ఖాన్ చెవులకు కొత్తవి తగిలిస్తాను. రుజువు చాలదు ఆంటీ అంటే ఆ బల్ల ముందే కూర్చుంటాను, ఎవరు లేపుతారో చూస్తాను. నువ్వు బుధవారం రైలెక్కి వచ్చెయ్.

ఈ రోజు అక్టోబరు తొమ్మిది. ఆ రీలు తొమ్మిదో రీలు. ‘ఏరు దాటిన గుర్రం’ బాణీ కట్టినవారు, వాయించినవారు మా మామగారు తొగిజ్‌బాయ్. తొగిజ్ అంటే తొమ్మిది, ఆ మాటే ఆయన పేరు.

కొత్త వస్తువుకు బైగాజి ఏం కావాలని అడిగావుగా. నువ్వేమీ తేవద్దు. మామగారు ముందే ఇచ్చారు.