చితి దగ్గర పంచే పుస్తకం

ఫెచ్బురి,
ఆదివారం.

చిరంజీవి చరూన్‌ను అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, పిల్లి, నా మోకాళ్ల నొప్పి ముగ్గురం క్షేమం. చియాంగ్ రాయ్ చలిలో నీ దగ్గు తగ్గిందనీ, బడిపిల్లలు నిన్ను మరీ కాల్చుకు తినడం లేదనీ తలుస్తాను. తాటిబెల్లం మళ్లీ పంపుతాను. ఇక నువ్వు అడిగినవాటికి వస్తాను.

విరోజ్ మామయ్య ఆత్మకథ అచ్చయిందా అని అడిగావు. అయింది. మన ఆనవాయితీ ప్రకారం దహనానికి వచ్చినవాళ్లకు పంచడానికి వెయ్యి ప్రతులు. మంత్రిగారు తన చావుకు తానే పుస్తకం రాసిపెట్టుకుని మరీ పోయారు. ఇంకొకరు రాస్తే ఎక్కడ నిజం దొర్లుతుందోనని భయం కాబోలు. పాత టీచర్ని కదా, అచ్చుతప్పులు చూడమని మీ కేసినీ అత్తయ్య నాకు పంపింది. అచ్చుతప్పులు తక్కువే. మిగతా తప్పులు దిద్దమని ఎవరూ అడగలేదు.

అయిదో అధ్యాయం పేరు 'ధర్మమే నా గొడుగు'. పుట్టినరోజు పుట్టినరోజుకీ నూరు తాబేళ్లను నదిలో వదిలి ప్రాణదానం చేశారట. చేశారు, నేను చూశాను. కింది రేవులో ఆయన నౌకరే వల పట్టుకుని నిలబడేవాడు. మరుసటి ఏడు మళ్లీ అవే తాబేళ్లు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అన్నయ్యా, ఈ డొప్ప పగిలినదాన్ని నిరుడు కూడా వదిలావు కదా?"

"అయితేనేం లమున్? దానికి రెండుసార్లు విముక్తి, నాకు రెండుసార్లు పుణ్యం. మధ్యలో నీకెందుకే కడుపుమంట?"

ఆయన మతమంతా ఆ ఒక్క మాటలో ఉంది. దానికి రెండు వందల పేజీలు దండగ.

తొమ్మిదో అధ్యాయం క్షమ గురించి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'వరద బాధితుల బియ్యం మాయమైనప్పుడు, తప్పు చేసినవాడు నా దగ్గరి బంధువే. నేను అతన్ని ద్వేషించలేదు. అతని భార్యాబిడ్డలను ఆదుకున్నాను. బుద్ధభగవానుడు నాకు నేర్పిన కరుణ అది.' ఆ బంధువు మీ నాన్న ఫియెన్.

చరూన్, ఇన్నేళ్లూ నోరు కుట్టుకుని బతికాను. మీ నాన్న ఒక్క గింజ ముట్టలేదు. ఆ బియ్యాన్ని పడవలెక్కించి అమ్ముకున్నది అప్పట్లో జిల్లా అధికారిగా ఉన్న మామయ్యే. కచేరీలో గుమాస్తాగా ఉన్న మీ నాన్న చేత నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టించింది మాత్రం నేను. "ఆర్నెల్లేనండీ. అన్నయ్య విడిపిస్తానన్నాడు, బాబుని చదివిస్తానన్నాడు" అని కాళ్లు పట్టుకున్నాను.

"మీ అన్న మాట నువ్వు నమ్ముతున్నావా?" అన్నారు మీ నాన్న.

"నమ్ముతున్నాను" అన్నాను.

ఆయన జైల్లో జ్వరంతో పోయేటప్పటికి నీకు నాలుగేళ్లు. దొంగ కొడుకన్నారని బడి నుంచి నువ్వు ఏడుస్తూ వచ్చిన రోజు కూడా నేను నోరు విప్పలేదు. ఆ బడిలో చేర్పించింది అన్నయ్యే మరి. మామయ్య అంటే నాకు ఎంత రోతో, నేనంటే నాకు అంతకు రవ్వంత తక్కువ రోత.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పుస్తకం మొదట్లో బంధువుల సంతాపాలు వేస్తారు కదా, చెల్లెలిగా నన్నూ ఒక పేజీ రాయమంది అత్తయ్య. "నాకు చూపించక్కర్లేదు లమున్, నేరుగా ప్రెస్సుకు పంపెయ్. అందరూ ఏడ్చేది ఒకే ఏడుపేగా" అంది. నిజమే, అచ్చుకు ముందు మనవాళ్లెవరూ వాటిని చదవరు. నేను ఏడుపు రాయలేదు. బియ్యం ఎవరు అమ్మారో, జైలుకు ఎవరు వెళ్లారో, సంతకం ఎవరు పెట్టించారో రాసి కింద నా పేరు పెట్టాను. వెయ్యి ప్రతులూ కట్టలు కట్టి గుడిలో, నెలల తరబడి దహనం కోసం ఉంచిన మామయ్య శవపేటిక పక్కనే ఉన్నాయి. వచ్చే శనివారం దహనం నాడు పెద్దపెద్దవాళ్ల చేతుల్లో పడతాయి. నువ్వు ఆ పేజీని జనం మధ్య నిలబడి మొదటిసారి చదవకూడదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. మామయ్యకు కొడుకులు లేరు కాబట్టి, ఆ దీక్ష పుణ్యం ఆయనకు దక్కేలా చితి ముందు ఒక్కరోజు నువ్వు భిక్షువు కావాలని అత్తయ్య అడుగుతోంది, ఏం చెయ్యమంటావు అన్నావు. వద్దని రాసి కొట్టేశాను. రా నాన్నా. గుండు చేయించుకో, కాషాయం కట్టుకో. మీ నాన్నను కాల్చిన రోజు ఆయన కోసం ఎవరూ కట్టుకోలేదు. దీక్ష అయ్యాక పుణ్యం ధారపోస్తూ గిన్నెలోకి నీళ్లు వంచేటప్పుడు, అది ఎవరికి చెందాలో మనసులోనే అనుకుంటారు కదా. పక్కనున్న అత్తయ్యకు కూడా వినపడదు. ఫియెన్ అనుకో.

ఇట్లు,
ఆ సంతకం పెట్టించిన మీ అమ్మ,
లమున్