ఆయాసం కాదు

అక్కా, కంగారుపడకు, లేచి తిరుగుతూనే ఉన్నాను. పేగుపూతకి ఇవ్వాల్సిన కొత్త ఇంజెక్షన్ ఆపేశారు. ముందు చేసిన పరీక్షలో నాకు క్షయ సోకి, ఒంట్లో నిద్రపోతోందని తేలింది. ఈ ఇంజెక్షన్ పడితే అది లేస్తుందట. ముందు దాని మాత్రలు మింగాలి. అంతదాకా విరేచనాల్లో నెత్తురు పోవడం తప్పదు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉండేదా?" అంది డాక్టరమ్మ. "లేదండీ, నాన్నకి ఆయాసం" అనేశాను. మన పెళ్లిళ్లు చెడతాయని అమ్మ నేర్పిన మాట, పెళ్లిళ్లయి ఇన్నేళ్లయినా నోటికి ముందొచ్చింది. వెంటనే దిద్దుకుని, ఆయనకి అప్పట్లో వచ్చింది క్షయేనని చెప్పాను.

నాన్న మళ్లీ దగ్గుతున్నాడని రాశావు. మీ పాపని ఆయన పక్కన పడుకోబెట్టకు. ఇద్దరికీ పరీక్ష చేయించు. నా కుట్టుమిషన్‌కి నూనె వేస్తున్నావా? పాపకి ముద్దులు.

అమ్మ మళ్లీ ఆయాసమే అంటే ఈ కార్డు చూపించు. పోస్టుమాన్ ఈపాటికి చదివేసే ఉంటాడు. ఇంక దాచి లాభం లేదు.

నీ చెల్లెలు