నాయన గుడ్డ ఫొటోను చెన్నైకి పంపిన రోజు

శ్రీకాళహస్తి
2007, శనివారం రాత్రి

నాయన వేసిన నెమళ్ల కలంకారీ గుడ్డ ఫొటోను ఇవాళ చెన్నైలో పుస్తకం అచ్చు వేసేవాళ్లకు పంపాం. మెయిల్లో పట్టనంత పెద్ద ఫైలు. నెట్ సెంటర్ ఆయన రెండు సైట్లు చూపించాడు. ఒకటి ఫొటోను కుదించి చిటికెలో పంపేస్తుందట. రెండోది ఉన్నది ఉన్నట్టే పంపుతుంది గానీ సాయంత్రం దాకా పడుతుంది, లింకు కూడా వారమే ఉంటుంది. నేను మొదటిదే చాలన్నాను.

"బొమ్మేసే ముందు గుడ్డ పాలల్లో నానేదానికి కాసుకోనుంటాం గదా, దీనికేం తొందర? ఉండేది ఉన్నట్టే పోనీమ్మా," అన్నాడు నాయన. రెండోదే పెట్టించాడు.

నా తొందర వేరు. ఈమధ్య ఆయన చెయ్యి వణుకుతోంది. ఆయన వేరే గుడ్డలు ఉతకడానికి ఏటికి వెళ్లినప్పుడల్లా, నెమళ్ల చుట్టూ వంకరపోయిన తీగల మీద నేను మళ్లీ కలం నడిపి గీత లావు చేశాను. గుడ్డ మీద అది ఆయన కంటికి ఆనలేదు. ఫొటో కుదిస్తే తెర మీదా ఆనదనుకున్నాను. తెర మీద ఫొటో పెద్దదయ్యేసరికి ఒక తీగ దగ్గర వేలు పెట్టాడు.

"ఇది నా గీత కాదే. నువ్వు దిద్దినావా?"

అవునన్నట్టు తలూపాను. ఫైలు అప్పటికే సగం వెళ్లింది.

"నిలపప్పా," అన్నాడు సెంటర్ ఆయనతో. కోపం వచ్చిందనుకున్నాను. "ఫొటో కింద నా పేరొక్కటే ఉండాది. మా పాప పేరు గూడా ఏసి, మళ్లా మొదట్నించి పంపు."

సెంటర్ మూసే వేళకు వెళ్లింది. వస్తూ రోడ్డు దాటేచోట నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. వణుకు తెలుస్తూనే ఉంది. నేనూ గట్టిగా పట్టుకుని దాటాను.