షెడ్డులో పనిచేసేవాడికి పిల్లనిస్తారా

3 ఫిబ్రవరి 1997, సోమవారం

నాగరాజు పనిలోకి రాలేదు. జ్వరమేమో. పెద్ద లేత్ మిషను ఊరికే పడి ఉంది. వాడి చేతికి తప్ప ఎవరికీ లొంగదది. నెలాఖరుకి లారీలకి బిగించే ఇనుప బుష్షులన్నీ చేసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని ఇంకో షెడ్డుకి పోతుంది... ఆ వెనకే నా షెడ్డు మూత.

4, మంగళవారం

జ్వరమూ కాదు, గిరమూ కాదు. పెద్ద కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడట! నా దగ్గర ఓనమాలు దిద్ది, చెప్పాపెట్టకుండా పోయాడు. ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

6, గురువారం

గేటుకి బోర్డు కట్టించాను: లేత్ మీద పనిచేసే టర్నర్లు కావలెను, మంచి జీతం. నాగరాజుకి ఇచ్చినదానికన్నా ఎక్కువే ఇద్దామని.

ఒకడు వచ్చాడు. జీతం విని తలూపాడు. షెడ్డంతా ఒకసారి చూశాడు. "యూనిఫాం ఇస్తారా సార్? బస్సు యాడికొస్తుంది?" బస్సట! నా స్కూటరు తప్ప ఈ షెడ్డుకి వచ్చే బండేది? రేపొస్తానని వెళ్ళాడు.

7, శుక్రవారం

రాలేదు.

8, శనివారం

షెడ్ల ఓనర్ల మీటింగు. బోండాలు, కాఫీ, అందరిదీ ఒకటే ఏడుపు — మనుషులు దొరకడం లేదు. "ఈ కాలం పిల్లకాయలకు ఒళ్ళు వంగదప్పా" అని ఒకరు. "జీతం చాలక పోతా ఉండారు, పెంచితే పరిగెత్తి వస్తారు" అని ఇంకొకరు. పెంచి చూశానయ్యా, నడిచి కూడా రాలేదు!

అక్కడే తెలిసింది ఇంకో సంగతి. నాగరాజుకి కంపెనీలో వచ్చేది నేనిచ్చినదానికన్నా తక్కువ. తక్కువకి పోయాడు! మతి పోయింది నాకు. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ కమల నవ్వింది. "ఈడ కూచోని తల కొట్టుకునే బదులు పోయి వాణ్ణే అడగరాదా?"

9, ఆదివారం

నాగరాజు ఊరు గురుబరపల్లి వెళ్ళాను, వాడిని ఇంటి ముందే నిలబెట్టి కడిగేద్దామని. వాడు ఊళ్ళో లేడు. వాళ్ళమ్మ చాప పరిచి మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగాక తిట్టడం కష్టం.

"మీ మీద కోపం లేదప్పా వానికి. వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయినాయి. పిల్లోడు యాడ పని అంటారు. షెడ్డులో అంటే కాఫీ కూడా తాగకుండా లేస్తారు. ఇప్పుడు కంపెనీ బస్సెక్కుతాడు, నీలం చొక్కా ఏస్తాడు. శూలగిరి వాళ్ళు పిల్లనిస్తామంటా ఉండారు."

"జీతం తక్కువ కదమ్మా?"

"జీతం ఎవురడిగినారప్పా!"

తిరుగు బస్సులో వెతికినా కోపం దొరకలేదు. వాడు నన్ను కాదని పోలేదు. పెళ్ళి చేసుకోవడానికి పోయాడు. చెప్పొద్దూ, మనసు తేలికపడింది.

11, మంగళవారం

సాయంత్రం నాగరాజే ఇంటికొచ్చాడు. తల దించుకుని వాకిట్లోనే... "తప్పయిపోయింది సార్. ఆడ మిషను ముట్టనీరు. పెట్టెలు మోయిస్తా ఉండారు." మరి వచ్చెయ్యరా అంటే, "వస్తే పిల్ల పోతుంది సార్."

లోపలి నుంచి కమల గొంతు. "పిల్ల తండ్రి ఇల్లు చూడ్డానికి వస్తాడు కదా, అట్లే షెడ్డూ చూపించండి!" వియ్యమందే ముందు ఇల్లూ వాకిలీ చూసిపోయే ఆచారం ఎటూ ఉన్నదే. నాకు తట్టలేదు.

20, గురువారం

షెడ్డు కడిగించాను. మిషన్లకి పసుపు, కుంకుమ, పూలదండలు — అచ్చం ఆయుధపూజే. పెద్దమనుషులు మాట్లాడుకునేటప్పుడు రొద ఎందుకని అన్నీ ఆపించాను. పనివాళ్ళూ, సెలవు పెట్టి వచ్చిన నాగరాజూ కొత్తగా కుట్టించిన నీలం చొక్కాల్లో వరసగా నిలబడ్డారు. పిల్ల తండ్రి వెంకటప్ప, తెల్లపంచె. అటు చూశాడు, ఇటు చూశాడు, మొహం మాడ్చుకున్నాడు. వెంట వచ్చిన నాగరాజు మేనమామని పక్కకు పిలిచి అడిగింది నాకూ వినబడింది.

"మిషన్లన్నీ ఆగిపోయి ఉండాయే. పని లేదేమప్పా ఈడ? మూసేస్తారా?"

మర్యాదకని ఆపితే దివాలా అనుకున్నాడు! "నాగరాజూ, వెయ్యరా!" అని అరిచాను. వాడు దండ తీసి పక్కన పెట్టి లేత్ వేశాడు. ఇనుప తురుము చుట్టలు చుట్టలుగా రాలుతోంది. నూనె చుక్కలు ఎగిరి ఆ తెల్లపంచె మీద పడ్డాయి. నా ప్రాణం పోయింది. ఆయన పంచె వైపు చూడనే లేదు. వేడి బుష్షుని ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటూ, "ఇది యాడికి పోతుంది?" లారీకి బిగిస్తారన్నాను. "ఓ... లారీకా!" మొహం విప్పారింది.

"వీని చెయ్యి తెగితే ఎవురు చూసుకుంటారు?"

"నేనే."

"నోటిమాటనా?"

కాగితం మీద రాసిస్తానన్నాను. జీతం అడుగుతాడని జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు.

21, శుక్రవారం

ఒప్పుకున్నారు! పెళ్ళి మే నెలలో. అమ్మయ్య. కమల పాయసం చేసింది.

24, సోమవారం

నాగరాజు వచ్చాడు. పాత జీతానికే. వాడు అడగలేదు, నేను ఎత్తలేదు.

28, శుక్రవారం

నాలుగు రోజులు రాత్రీ పగలూ లేత్ ఆడించాం, బుష్షులు వెళ్ళాయి. చివరి పెట్టె బండెక్కేదాకా ఊపిరి బిగబట్టాను. గండం గడిచింది. ఇవాళ నిద్ర పడుతుంది.

8 మార్చి, శనివారం

మీటింగులో ఈసారి ఉపన్యాసం నాదే. "జీతం కాదప్పా! చొక్కా కుట్టించండి, వియ్యంకుల్ని పిలిచి షెడ్డు చూపించండి!" చప్పట్లు కొట్టారు. నాకూ నా మాట బాగానే ఉందనిపించింది.

2 జూన్, సోమవారం

పెళ్ళయ్యాక ఇవాళే నాగరాజు పనిలోకి వచ్చాడు. టీ వేళకి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "మత్తిగిరిలో ఇల్లు బాడిగకు తీసుకున్నాను సార్. ఇప్పుడు ఇద్దరం. ఈ జీతం చాలదు."

మీటింగులో కొట్టిన గొప్పలన్నీ గుర్తొచ్చాయి. కోపం రావాలి కదా... రాలేదు. ఫిబ్రవరిలో అడక్కుండా పోయాడు. ఇవాళ నిలబడి అడుగుతున్నాడు. ఎంత కావాలనడానికి మాత్రం ధైర్యం చాలక, రేపు చెప్తానన్నాను.

"సరే సార్" అని వెళ్ళి లేత్ వేశాడు. సాయంత్రం దాకా ఆ చప్పుడు వింటూ హాయిగా కూర్చున్నాను. ఎంతని చెప్పాలో — కమలనడగాలి.