సీటు కిందికి మార్చిన తాళం

హిందూపురం, మంగళవారం

నాయనకు కేశవ నమస్కారం. ఫోనులో నీకు వినబడదు, చెల్లెలు సుమ చెబితే నువ్వు నమ్మవు, అందుకే కార్డు రాస్తున్నాను. శుక్రవారం బండి కోసం ధర్మవరం నుంచి రావద్దు.

నీ కుడికాలు సరిగా లేదని మన పాత మోటారుసైకిలుకు కిక్కు తీసి బటన్ స్టార్ట్ పెట్టాను. కాలి బ్రేకును ఎడమచేతికి, క్లచ్ పక్కకే తెచ్చాను. హ్యాండిల్ దగ్గర చోటు చాలక తాళాన్ని సీటు కిందికి మార్చాను. నిన్న మెకానిక్ షాపులో నాతో పనిచేసే కుళ్లాయప్పను వెనక కూర్చోబెట్టుకుని పెనుకొండ దాకా పోయాను. అక్కడ దిగుడులో యాక్సిలేటర్ వైరు ఇరుక్కుంది. చెయ్యి వదిలినా వేగం తగ్గలేదు. బ్రేకు పట్టిన వేళ్లకు క్లచ్ అందలేదు. ముందు లారీ ఆగి ఉంది. తాళం కోసం తడిమితే దొరకలేదు. కుళ్లాయప్పే వంగి దాన్ని తిప్పేశాడు. లారీకి మూరెడు దూరంలో ఆగాము.

దిగి బండిని రోడ్డు పక్కకు తోశాము. తర్వాత అతనే అన్నాడు: "ఏమబ్బా కేశవా, మీ నాయన ఒక్కడే పోతాంటే ఎనక ఎవురుంటారు?"

అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఎడమ బొటనవేలికి అందేలా ఇంజన్ ఆపే స్విచ్ పెడతాను. నీ ఎడమచెయ్యి కాగితం మీద పరిచి, చుట్టూ గీత గీయించి పోస్టులో పంపు. మాత్రలు వేసుకుంటున్నావా? అమ్మ మగ్గం మీది చీర దిగిందా? అవ్వకు నా దండాలు చెప్పు.

కోపం వస్తే తిట్టు, బస్సెక్కి మాత్రం రావద్దు. నువ్వు ఎదురుగా నిలబడి అడిగితే తాళం ఇవ్వనని చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ కొడుకు,
కేశవ